హోల్డ్ ఆన్

మహబూబాబాద్‌లో మా ఇంగ్లిష్ సార్ ఏ మాటకూ అర్థం బోర్డు మీద రాసేవారు కాదు. మా చేత చేయించేవారు. తెలంగాణ ఉద్యమంలో బడులు మూతపడితే, నిరసనగా రోడ్డు మీదే వండుకు తినే వంటావార్పు దగ్గర పాఠం పెట్టారు. ఆ రోజు మాట ‘హోల్డ్ ఆన్’.

ఆగిపోయిన బస్సు ఎక్కించి, “కడ్డీ గట్టిగ పట్టుకో. గిదొక అర్థం” అన్నారు నాతో. పిడికిలి చెవికి ఆనించుకుని, “ఫోన్ పెట్టకు, జర ఆగు. గిదింకోటి” అన్నారు. చివరికి అందరి చేతులూ కలిపించి ఎండలో నిలబెట్టారు.

“ఎంతసేపు సార్?” అన్నాను.

“తెలంగాణ వచ్చేదాంక. గిది మూడోది బిడ్డా.”

తర్వాత ఆయన భూపాలపల్లికి బదిలీ అయ్యారు. రాష్ట్రం వచ్చిన సాయంత్రం ఫోన్ చేశాను. వెనక డప్పులు మోగుతున్నాయి.

“వచ్చింది బిడ్డా. హోల్డ్ ఆన్, నువ్వు గూడ విను” అని ఫోన్‌ను డప్పుల వైపు పట్టారు. వింటూనే ఉన్నాను. ఆయన మళ్లీ మాట్లాడకముందే లైన్ తెగింది. ఆ నంబరు ఇక కలవలేదు.

ఇప్పటికీ ఎవరు మాట్లాడి పెట్టేసినా, కాసేపు ఫోన్ నా చెవి దగ్గరే ఉంటుంది.