రూతమ్మ పాట మీద నా సాక్ష్యం

ఇన్నేళ్లు హార్మోనియం పెట్టె మోశాను. అంతకన్నా బరువైనది ఇంకొకటి మోశాను. దానికి పిడి లేదు, కింద పెట్టే వీలూ లేదు. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే నా ధైర్యం.

రూతమ్మ పాటలు మీరూ వినే ఉంటారు. నరసాపురం పక్కన మా ఊళ్లో లేసు అల్లుకుంటూ సొంతంగా పాటలు కట్టి పాడిన అమ్మాయి. అప్పటి మా పాస్టరుగారు ఒక మధ్యాహ్నం చర్చిలో ఆమె చేత పాడించి క్యాసెట్టులో పట్టారు. అది ఆయన ట్రంకుపెట్టెలో దశాబ్దాలు నిద్రపోయింది. మొన్నీమధ్య ఆయన మనవడు దాన్ని లేపి ఇంటర్నెట్టులో పెట్టాడు. ఇప్పుడు తెలుగు రాని పిల్లలు కూడా వింటున్నారట. మా ఊరి గొంతు అది! వెనక వినిపించే హార్మోనియం నాదే. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. గర్వపడే హక్కు నాకుందా? లేదు. అయినా పడుతున్నాను. ఆ వెంటనే సిగ్గూ పడుతున్నాను. ఈ వయసులో పడకూడదని డాక్టరు హెచ్చరించాడు గానీ, నేను రోజూ పడుతూనే ఉన్నాను.

ఆమె బాణీ గురించి చెప్పాలి. లేసు కొక్కెం కదిలే లయలోనే పాట పుట్టేది. అల్లిక ఒక వరస చివరికొచ్చి దారం వెనక్కి తిప్పేచోట చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. పాట కూడా అక్కడ ఆగి, మళ్లీ తిరిగేది. అక్కడే నా వేళ్లు ముందుకు దూకేవి. "తొందరెందుకన్నయ్యా" అని నవ్వేది. ఇవాళ అందరూ మెచ్చుకుంటున్నది ఆ ఆగడాన్నే. అలాంటిది ఏ సినిమాలోనూ లేదు. ఆ సంగతి ఊళ్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఎందుకంటే మా సంఘంలో సినిమాకెళ్లడం పాపం. సినిమా బాణీ చర్చిలో పాడటం మహాపాపం. నేను మాత్రం పాలకొల్లు బస్సెక్కి, కొత్తగా వచ్చిన ప్రతి సినిమా చూసొచ్చేవాణ్ణి. అందరికీ తెలుసు. పెట్టె వాయించడానికి ఇంకో మనిషి లేడు కాబట్టి క్షమించేసేవారు.

క్యాసెట్టు పట్టిన ఏడాదే క్రిస్మస్‌కి కొత్త పాట కావాలన్నారు. నేనూ ఒకటి కట్టాను, రూతమ్మా కట్టింది. పాస్టరుగారు నాది విని "ప్రయత్నం బాగుందయ్యా" అన్నారు. ఆమెది విని కళ్లు తుడుచుకున్నారు. ఆ తేడా నా గొంతులో చేపముల్లులా దిగింది.

సంఘ పెద్దల ముందు ఆమె పాడి వినిపించిన రోజు, వాళ్లలో ఒకాయనకి అనుమానం వచ్చింది.

"ఇంత హుషారుగా ఉందేంటి? సినిమా బాణీ కాదు కదా? మాకా గోల తెలీదు. ఒరేయ్ అబ్బాయ్, నువ్వు చెప్పు, ఆ పాపాలన్నీ నీకే కదా తెలుసు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే అన్నాను.

"ఎక్కడో విన్నట్టే ఉందండి."

రూతమ్మ నావైపు తిరిగింది. "ఏ సినిమా, అన్నయ్యా?"

"పేరు గుర్తులేదు."

"పేరుతో పనేంటమ్మా, సినిమాదైతే చాలు" అన్నారు పెద్దాయన.

అంతే. కాదని ఆమె ఎలా రుజువు చేస్తుంది? సినిమాలన్నీ చూశానని ఒప్పుకుంటేనే కదా, ఇది వాటిలో లేదని చెప్పగలిగేది! పెద్దలు వెళ్లి చూసి తేల్చుకోలేరు. ఉన్న పాపిని నేనొక్కణ్ణే, కాబట్టి నా మాటే ప్రమాణం. ముందే ఇదంతా ఆలోచించి అన్నానా? లేదనే ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. కానీ పేరు గుర్తులేదనడానికి నేను క్షణం కూడా తడుముకోలేదు. అదే నన్ను పట్టిస్తోంది.

ఆ క్రిస్మస్‌కి నా పాట పాడారు. ఇప్పుడది ఎవరికీ గుర్తులేదు, నాకే సరిగా గుర్తులేదు. రూతమ్మ మళ్లీ పాట కట్టలేదు. ప్రతి ఆదివారం ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చునేది, అందరూ పాడుతుంటే పెదవులు మూసుకుని. లేచి నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లో అనుకున్నాను. పెట్టెకి గాలి కొట్టే నా చెయ్యి ఆగలేదు. ఆమె పోయేదాకా ఆగలేదు.

ఇప్పుడెందుకు నోరు విప్పానంటే, పాస్టరుగారి మనవడు ఫోన్ చేసి, ఆవిడ పాటలెందుకు మానేశారని అడిగాడు. "పెళ్లయిందిగా బాబూ" అనేశాను. రెండో అబద్ధం మొదటిదాని కన్నా సులువుగా వచ్చింది. అతను ఇంటర్నెట్టులో పాట కింద అదే రాశాడు. అది చదివి జనం ఆమె భర్తను తిట్టిపోయడం మొదలుపెట్టారు. ఆయనా ఇప్పుడు లేడు. గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపిన, నోట్లో నాలుక లేని మనిషి. పెళ్లయింది కూడా ఆ క్రిస్మస్ దాటిన చాలా ఏళ్లకు.

పోయిన వారం మనవడికి ఫోన్ చేసి నిజం చెప్పాను. సరిచేస్తానన్నాడు. తర్వాత పాలకొల్లులో రూతమ్మ కూతురింటికి వెళ్లి, గుమ్మంలోనే నిలబడి అంతా చెప్పాను. ఆ అమ్మాయి మంచినీళ్లిచ్చింది. మావైపు శత్రువుకైనా ఇస్తారు. కూర్చోమనలేదు.

నేను నీళ్లు తాగాక అంది: "నాన్న ఎప్పుడూ అడిగేవారండి, ఒక్క పాట పాడవే అని. అమ్మ నవ్వి ఊరుకునేది. తనంటే ఇష్టంలేకే పాడట్లేదనుకుంటూనే పోయారండి ఆయన."

నేను క్షమించమని అడగలేదు. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు, అడిగితే ఇవ్వాల్సొస్తుందని ఇబ్బంది పడుతుంది. గ్లాసు చేతికిచ్చి మెట్లు దిగాను. వీధి మలుపులో గోడకానుకుని కాసేపు నిలబడ్డాను. ఒళ్లు తేలిగ్గా ఉంది, జ్వరం దిగినట్టు.