పదిమంది గొంతుల మధ్య

గుట్టల మీద వెలసి, భయంతో వణికేవాణ్ణి కూడా చేయి పట్టి పైకి రప్పించుకునే నరసింహస్వామికి ముందుగా నమస్కారం. ఆయన దయ లేనిదే ఆ ఆదివారం మా నోళ్లు పెగిలేవి కావు.

మధురానగర్‌లో మా పారాయణ బృందం ప్రతి శనివారం కూర్చుంటుంది. ముందు గొంతు మాస్టారిది. సంస్కృతం చెప్పి రిటైరయ్యారు, పుస్తకం తెరవరు. ఎవరి నోట మాట తడబడినా పక్కవాళ్లం గొంతు పెంచి కప్పేస్తాం. స్వామి ముందు నామం తెగకూడదని మా పట్టింపు.

మాస్టారూ, నేనూ, అమీర్‌పేటలో టైలరింగ్ షాపున్న మిత్రుడూ అప్పుడప్పుడు ఊరి బయట స్వామి గుట్ట ఎక్కుతాం. బాట ఇరుకు, ఒకరి వెనక ఒకరం నడవాలి. ఆయాసంలో కలిసి చదవలేం కనుక తలా ఒక శ్లోకం వంతులేసుకుంటాం. ఆ ఆదివారం మాస్టారి వంతు సగంలో ఆగింది. అందించబోతే నాకు ఊపిరి అందలేదు. ఆయన మొదటి నుంచి ఎత్తుకుని, మళ్లీ అక్కడే ఆగారు.

"ఏంది మాస్టారూ," వెనక నుంచి మిత్రుడు నవ్వాడు. "గిట్లయితే మిమ్మల్ని ఎర్రగడ్డల ఇడిచిరావాలె."

అక్కడి మానసిక ఆసుపత్రి పేరు చెప్పి ఈ ఊళ్లో అందరూ ఆడే వేళాకోళమే. మాస్టారు మాత్రం బండ మీద కూలబడ్డారు.

"నా భయమూ అదే నాయనా."

మా వైపు చూడకుండా చెప్పసాగారు. "కొంతకాలంగా మాటలు జారిపోతున్నాయి. మొన్న పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద నిలబడితే ఇల్లు ఏ వైపో తోచలేదు. ఇన్నేళ్లు తిరిగిన దారి. డాక్టర్ దగ్గరికెళ్తే జబ్బుకో పేరు పెడతాడు. అది తెలిస్తే మీరు నన్ను ముందు కూర్చోనిస్తారా?"

నేను ఆయన ముందుకొచ్చి నిలబడ్డాను. "ఏంటండీ మాస్టారూ, మాకైనా చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? శనివారాలు మీరంతా కప్పేస్తుంటే బాగానే ఉన్నాననుకునేవాణ్ణి. ఇక్కడ నా గొంతు ఒక్కటే వినబడింది. తేటగా తెలిసిపోయింది."

మిత్రుడు ఆయన పక్కనే చతికిలబడ్డాడు. "తప్పయింది మాస్టారూ, నోరు జారిన. ఇంట్ల అమ్మకు ఎర్కనా?"

"తెలీదు."

"ఇయ్యాల్నే చెప్పుండ్రి. డాక్టర్ కాడికి మేం సుత వస్తం. ముందట మీరే కూసుంటరు. మాట ఆగితే జర ఆగుతం, ఏమైతది?"

మాస్టారు చేయి చాపితే మిత్రుడు లేపాడు. పైకి వెళ్లకుండానే దిగాం.

ఆ సాయంత్రమే మాస్టారు భార్యకు చెప్పారు. తల స్కానింగ్ అయింది; ఫలితం ఇంకా రాలేదు. నా ఫోన్ మోగితే తీయడానికి చేయి రాదు.

చదువుతున్న మీరూ ఒక్క నిమిషం కళ్లు మూసుకుని మాతో చేతులు జోడించండి: స్వామీ, ఆయన్ని కాపాడు. రాబోయే కబురు ఏదైనా దాన్ని మోసే బలం ఆ ఇంటికివ్వు.