అరవై మూడో చిత్రం

జూన్ ఎనిమిదో తేదీ, ఆదివారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నాకు అసూయ పుట్టింది. గోడ గడియారం కిందే కూర్చుని నా మనవరాలు మార్కులు చెప్పింది కాబట్టి సమయం గుర్తుంది. "చిన్నవ్వకు పదింటికి పది. అవ్వా, నీకు ఏడు."

చిన్నవ్వ అంటే నా తోడికోడలు. హోసూరులో మా పక్క వాటాలో ఉంటుంది. ఎనిమిదో తరగతి చదివింది. కెలవరపల్లి వైపు ఒక రోజా తోటలో పంతొమ్మిదేళ్ళు, కట్టకు ఇరవై పూల లెక్కన కట్టింది. నేను కృష్ణగిరి బళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పాను. సీ అర్చిన్ అనే ముళ్ళ సముద్రజీవి పిండాన్ని ఏటా బోర్డు మీద గీసేదాన్ని: పదహారు కణాలు, అందులో ఎనిమిది మధ్యరకం, నాలుగు పెద్దవి, నాలుగు చిన్నవి. నిజమైన పిండాన్ని ఏనాడూ చూడలేదు.

మనవరాలు సముద్రం ఒడ్డున ఒక ప్రయోగశాలలో ఆ పిండాల మీదే పీహెచ్‌డీ చేస్తోంది. అన్ని కణాల్లోనూ అవే జన్యువులుంటాయి. ఎముక కట్టే జన్యువులు కూడా అన్నిటిలో ఉంటాయి, కానీ ఒక జన్యువు వాటికి అడ్డం కూర్చుంటుంది. ఆ నాలుగు చిన్న కణాల్లో మాత్రం మరో జన్యువు ముందుగా లేచి ఆ అడ్డును తొలగిస్తుంది. అందుకే ఎముక పని వాటి సంతతికే దక్కుతుంది. మనవరాలు ఒక్కో పిండంలో ఒక్కో జన్యువును పని చేయకుండా ఆపి, ఎముక జన్యువు మేలుకున్న కణాలు ఊదారంగుకు తిరిగేలా చేసి ఫొటోలు తీసింది. ఆ ఊదా కణాలను ఇద్దరు మనుషులు విడివిడిగా లెక్కపెట్టాలి. ఆ ఉదయం చెప్పిన మార్కులు, ముందుగా పరీక్షకని మా ఇద్దరిచేతా లెక్కపెట్టించిన పది చిత్రాలవి.

"కంప్యూటర్ లెక్కపెట్టదా?" అన్నాను.

"ఒకదాని ఎనక ఒకటి దాక్కుంటే రెంటినీ ఒకటే అనుకుంటుందవ్వా."

"రోజా కట్ట మాదిరే," అంది తోడికోడలు. "లోపలి పువ్వు కనపడదు, అట్లని లేకుండా పోతుందా? మా అక్క బోర్డు మీద గీసిన కణాలు ఒకదాని ఎనక ఒకటి దాక్కోలేదు, అందుకే ముప్పై ఏండ్లు సరిపోయినాయి."

మనవరాలు పగలబడి నవ్వింది. ముప్పై కాదు, ముప్పై ఒకటి అని నేను దిద్దాను. దానికి ఇద్దరూ ఇంకా నవ్వారు.

నూట ఇరవై చిత్రాలు కలగాపులగం చేసి, ఒకే వరుసలో ఇద్దరికీ ఇచ్చింది. ఒకరి నోటుబుక్కు ఒకరు చూడకూడదు. ఇద్దరి లెక్కా కలిస్తేనే నెలాఖరుకు తన పీహెచ్‌డీ అధ్యాయం గైడు ప్రొఫెసరు చేతికి వెళ్తుంది. ఆ మాట మూడుసార్లు చెప్పి మరీ బస్సెక్కింది.

పద్నాలుగో తేదీన తోడికోడలు కుందారపల్లిలో కూతురి దగ్గరికి పోతూ ఎప్పటిలాగే తాళం నాకిచ్చింది. మధ్యాహ్నం రెండుంబావుకు పాలు లోపల పెట్టడానికి వెళ్ళాను. నోటుబుక్కు టీవీ పక్కనే ఉంది. నేను నలభై దాటలేదు, ఆమె నూట ఇరవై ముగించేసింది. మొదటి నలభైలో తొమ్మిది చోట్ల మా ఇద్దరికీ తేడా. ఆ చిత్రాలు మళ్ళీ తెరిచి చూశాను. తొమ్మిదింటిలోనూ ఆమెదే సరి. అవి దిద్దుకున్నాను. మిగిలిన ఎనభై చిత్రాలు తెరవనే లేదు, ఆమె అంకెలే దించుకున్నాను. అనుమానం రాకుండా ఆరు చోట్ల ఒకటి పెంచో తగ్గించో వేశాను. మూడింటికి ఐదు నిమిషాలుండగా పని అయిపోయింది.

ఇరవై ఒకటో తేదీ సాయంత్రం మనవరాలి వీడియో కాల్ వచ్చింది. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

"అరవై మూడో చిత్రంలో ఒక్క ఊదా కణమూ లేదు. ఇద్దరూ ముప్పై రెండు అని రాసినారు. అరవై నాలుగులో ముప్పై రెండున్నాయి. ఇద్దరూ సున్నా అని రాసినారు."

"అయ్యో, తారుమారు చేసినానమ్మా," అంది తోడికోడలు. "ఆ పొద్దు గ్యాసాయన వచ్చినాడు. మధ్యలో లేచి పోయినాను."

"సరే. అవ్వా, నీ దగ్గరికీ గ్యాసాయన వచ్చినాడా?"

తోడికోడలు నా ముఖం చూసింది. తెలిసిపోయింది ఆమెకు.

"నేనే అక్కకు నోరు జారి చెప్పినానేమోలే అమ్మా. అక్కను ఏమీ అనొద్దు."

"చెప్పొద్దని ఎన్నిసార్లు చెప్పినాను, చిన్నవ్వా!" అంది మనవరాలు.

పదింటికి పదీ ఆమెకే. ఇప్పుడు ఈ మంచితనం కూడా ఆమెకే దక్కితే నేను ఓర్చుకోలేను. నిజం చెప్పడానికి నాకున్న కారణం అదొక్కటే.

"ఆమె ఏం చెప్పలేదు. ఆమె ఇంట్లో లేనప్పుడు నేనే చూసి రాసుకున్నాను," అన్నాను.

మా ఇద్దరి లెక్కా మనవరాలు కొట్టేసింది. ఇప్పుడు చిత్రాలు తోడికోడలికే వస్తున్నాయి. రెండో లెక్క ప్రయోగశాలలో ఎవరో పెడుతున్నారట.

పోయినవి: నూట ఇరవై చిత్రాల జంట లెక్క. అందులో తోడికోడలు సరిగా వేసిన నూట పద్దెనిమిది అంకెలు. ఆమె పని చేసిన ఆరు రోజులు, నావి ఆరు. మనవరాలి అధ్యాయానికి పెట్టిన గడువు. పక్కింటి తాళంచెవి ఒకటి.