పన్నెండు రాళ్ల మీద రాజ్యాంగం

పొద్దున్నే కళ్లు మూసుకుంటే చాలు, నంద్యాల హాస్టల్ గదిలోంచి నేను ఆళ్లగడ్డలోని మా షెడ్డుకు వెళ్లిపోయేదాన్ని. బస్సు అక్కర్లేదు, శిరివెళ్ల దగ్గర ఆగే పని లేదు. ముందు తడిరాయి వాసన వచ్చేది, ఆ వెనకే ఉలి చప్పుడు. రేకుల సందుల్లోంచి పడే ఎండలో రాతిపొడి మెల్లగా తేలుతూ ఉండేది. ఆ పొడిలోంచి విగ్రహాలు ఒక్కొక్కటే ముందుకొచ్చి నాకు పాఠం అప్పజెప్పేవి.

నవ్వకండి. నేను పరీక్షకు చదువుకున్న తీరే అది.

గ్రూప్ పరీక్షకు నాకు అదే చివరి అవకాశం. మరో నోటిఫికేషన్ వచ్చేసరికి నా వయసు దాటిపోతుంది. పదహారేళ్లు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, ఇక ఇదే ఆఖరని ఉద్యోగం మానేసి, నంద్యాలలో కోచింగ్‌కు చేరాను. గదిలో ఉన్న ఇరవయ్యేళ్ల పిల్లలు నన్ను అక్కా అనాలో ఆంటీ అనాలో తేలక మేడం అనేవారు. వాళ్లు ఒకసారి చదివితే చాలు, గడగడా అప్పజెప్పేవారు. నాకేమో చదివింది చదివినట్టే జారిపోయేది. రాజ్యాంగంలో షెడ్యూళ్లు పన్నెండు. వరుసగా చెప్పబోతే ఐదోదానికే తడబడేదాన్ని. ఒళ్లు మండిపోయి పుస్తకం గోడకేసి కొట్టిన రోజులున్నాయి.

కోచింగ్‌లో సారు ఒకరోజు చిట్కా చెప్పాడు. "మీకు బాగా తెలిసిన ఇల్లు తలుచుకోండి. గుమ్మం, మంచం, టీవీ, ఫ్రిజ్, ఇట్లా వరుసగా నడవండి. ఒక్కో చోట ఒక్కో విషయం పెట్టండి. వింతగా పెట్టండి, వింతగా ఉన్నదే మనసులో నిలుస్తుంది" అన్నాడు. పిల్లలందరూ కళ్లు మూసుకుని వాళ్ల వాళ్ల ఇళ్లల్లో తిరగడం మొదలుపెట్టారు. నేనూ మా ఇంట్లోకి వెళ్లాను. గుమ్మం, మంచం, పొయ్యి. అంతే, ఇల్లయిపోయింది! ఇంకా తొమ్మిది షెడ్యూళ్లు చేతిలో పట్టుకుని నడివీధిలో నిలబడ్డాను.

మా నాయన విగ్రహాలు చెక్కుతాడు. మా ఒంటిగది ఇంటిని ఆనుకునే ఆయన రేకుల షెడ్డు ఉంది. ఆ ఆదివారం బస్సు దిగి నేరుగా అక్కడికే పోయాను. వాకిట్లో వినాయకుడి నుంచి వెనక నీళ్ల కుళాయి దాకా, చెక్కడం దాదాపు అయిపోయినవి పదకొండు, ఇంకా బండగానే ఉన్న రాయి ఒకటి. మొత్తం పన్నెండు. నాకు పండగే అయింది.

వినాయకుడి బొజ్జ మీద దేశపటం గీశాను, మనసులోనే. మొదటి షెడ్యూలు, రాష్ట్రాలు. లక్ష్మీదేవి అరచేతిలోంచి అధికారుల జీతాలు రాలుతున్నాయి. మోకాలిమీద కూర్చుని చేతులు జోడించిన గరుత్మంతుడు మంత్రిగా ప్రమాణం చేస్తున్నాడు. నరసింహస్వామి పక్కన చెంచులక్ష్మి ఉంది కాబట్టి ఐదోది, గిరిజన ప్రాంతాలు. ఎగురుతున్న ఆంజనేయుడు ఈ పార్టీలోంచి ఆ పార్టీలోకి దూకుతున్నాడు. పదోది, ఫిరాయింపులు. అన్నీ పైకే చెప్పుకుంటూ తిరుగుతుంటే మా నాయన ఉలి ఆపి చూశాడు.

"ఏందిమా, యాడ జూసినా నీ గొణుగుడే. ఏం జేస్తాండావ్?"

చెప్పాను. ఎనిమిదోది భాషలు కాబట్టి సరస్వతీదేవికి ఇరవై రెండు నాలుకలు పెట్టానని కూడా చెప్పాను.

"ఛీ! చదువులమ్మకు నాలికలేందీ?" అని చెంపలేసుకున్నాడు. ఆంజనేయుడి సంగతి చెప్పేసరికి మాత్రం ఆపుకోలేక దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఆయప్ప రాముణ్ని ఇడిసిపెట్టి యాడికి పోతాడే పిచ్చిదానా!"

అప్పట్నుంచీ ప్రతి ఆదివారం అదే పని. నేను వాకిట్లోంచి కుళాయి దాకా నడుస్తూ వరుస చెప్పేదాన్ని. ఆయన తన పని తాను చేసుకునేవాడు. మళ్లీ నంద్యాల వచ్చాక, తెల్లవారుజామున పిల్లలు ఇంకా లేవకముందు మంచం మీద కూర్చుని కళ్లు మూసుకునేదాన్ని. కొన్నాళ్లకు నడవాల్సిన పని కూడా తప్పింది. విగ్రహాలే నల్లగా, చల్లగా నా చుట్టూ చేరేవి. చెయ్యి చాస్తే రాతి నునుపు తగిలేది. ఒక్కోసారి వరుస అయిపోయినా బయటికి రాబుద్ధయ్యేది కాదు. పరీక్ష ఉందని, వయసు దాటిపోతోందని గుర్తుండేది కాదు. అంత హాయిగా నేను ఎప్పుడూ చదవలేదు.

మా నాయనకు ఒక పద్ధతి ఉంది. విగ్రహమంతా పూర్తయినా కళ్లు మాత్రం చెక్కడు. కొన్నవాళ్లు తీసుకుపోయే ముందు, అన్నిటికంటే చివర కళ్లు తెరుస్తాడు. కళ్లు తెరవని దేవుడు మా షెడ్డు దాటడు.

పరీక్షకు నెల ముందు ఒక ఆదివారం జూపాడు బంగ్లా ఊరి దిక్కునుంచి నలుగురు వచ్చారు. ఆంజనేయుణ్ని చెప్పి చేయించుకున్నది వాళ్లే.

"ఏమప్పా, ఇంగా గాలేదా?" అని అడిగారు.

"కండ్లు తెరవలేదన్నా. చెయ్యి వణుకుతాంది. ఇంగ రెండు నెల్లు ఆగల్ల" అన్నాడు మా నాయన.

వాళ్లు సణుక్కుంటూ వెళ్లిపోయారు. నేను ఆయన చేతులు చూశాను. గరుత్మంతుడి ఈకలు వెంట్రుకవాసి తేడా లేకుండా చెక్కుతున్నాయి ఆ చేతులు. అప్పుడు వెలిగింది నాకు. పన్నెండింట్లో ఒక్కటి కూడా కదల్లేదు ఇన్ని రోజులుగా! ఒక్కదానికీ కళ్లు లేవు!

"నాయనా, నాకోసమా? నా మనసులో ఉన్నాయి అవి. రాయి పోతే పోనీ. నీ బేరం ఎందుకు చెడగొట్టుకుంటాండావ్?" అని అరిచాను.

"మనసులో ఉండేది ఈడుంటేనే కదా. నీ పరీచ్చ కానీ, ఫలితం రానీ. అంతవరకూ ఎవుర్నీ పంపీను" అన్నాడు. ఇక ఎంత అరిచినా ఉలి ఆపలేదు.

పరీక్ష రాశాను. ప్రశ్నపత్రం ఇచ్చిన దగ్గర్నుంచి షెడ్యూళ్ల కోసం వెతికాను. ఒక్కటంటే ఒక్క ప్రశ్న లేదు! పేజీలు తిప్పుతుంటే నా వెనకే విగ్రహాలన్నీ వచ్చి నిలబడ్డట్టు అనిపించింది, కళ్లు లేకుండా, పిలుస్తానేమోనని ఎదురుచూస్తూ. గంట కొట్టేదాకా పిలవలేకపోయాను.

ఫలితాలు వచ్చిన రోజు నంద్యాల బస్టాండులో ఫోనులో చూసుకున్నాను. నా నంబరు లేదు. పైనుంచి చూశాను, కిందనుంచి చూశాను. లేదు. ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. దారి పొడవునా వరిచేలు పచ్చగా ఊగుతున్నాయి, ఏమీ జరగనట్టే. నా బాధ ఉద్యోగం రాలేదని కాదు. మూడు నెలలు దేవుళ్లను ఆపిన మనిషికి ఏ ముఖంతో చెప్పాలి?

షెడ్డు వాకిట్లోనే చెప్పేశాను. "రాలేదు నాయనా. నంబరు ల్యా."

ఆయన నా వైపు చూశాడు. సంచిలోంచి అన్నిటికంటే సన్నని ఉలి తీసి, వినాయకుడి ముందు గొంతుక్కూర్చున్నాడు. టిక్కు టిక్కుమని చాలాసేపు కొట్టి, పొడి ఊదాడు. వినాయకుడు నన్ను చూశాడు.

"ఒగటి. రాష్ట్రాలు" అన్నాడు మా నాయన.

నేను నిలబడ్డచోటే ఉండిపోయాను. ఆయన లేచి లక్ష్మీదేవి దగ్గరికి పోయాడు. ఆమెకూ కళ్లు వచ్చాయి. "రెండు. జీతాలు." గరుత్మంతుడి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. "మూడు. ప్రమాణాలు." మూడో తరగతి దాటని మనిషి ఆయన.

"నీకెట్ల తెలుసు నాయనా ఇవన్నీ?"

"ఆదివారం ఆదివారం ఈడ్నే కదా అరుస్తాంటివి. పన్నెండూ నేర్చుకుంటి." ఉలి కొనను చొక్కాకు తుడుచుకున్నాడు. "పరీచ్చలో నువ్వు మర్సిపోయినా, యాడన్నా ఒగ తావున ఉండల్ల కదమ్మా."

బస్సులో రాని ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దగా, చిన్నపిల్లలా ఏడ్చాను. ఆయన కంగారుపడి లేచాడు.

"ఏమి, తప్పు జెప్పినానా?"

"ల్యా నాయనా. అన్నీ కరెక్టే."

"అట్లయితే నాలుగోది రాజ్యసభ" అన్నాడు. "రేపు పొద్దున తెరుస్తా. నువ్వు పోయి కాళ్లు కడుక్కో."