లేవని కంప్యూటర్, ఇద్దరు బాలమ్మలు

అది 1989 వేసవి. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో నాకు రేడియోలు, టీవీలు బాగుచేసే దుకాణం ఉండేది. వాల్వు రేడియోల కాలం నుంచీ ఆ పనిలో ఉన్నవాణ్ణి. కంప్యూటర్ గురించి మాత్రం హైదరాబాద్‌లో మూడు నెలలు సాయంత్రం క్లాసులకు పోయి నేర్చుకున్నదే. అయినా ఊళ్లో అంతమాత్రం తెలిసినవాళ్లు కూడా తక్కువ కాబట్టి, నన్ను ఇంజినీరులాగే చూసేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం డాక్టర్ సుజాత గారు జీపు దిగి లోపలికి వచ్చారు. ఊరి చివర క్షయ రోగులకు ఉచితంగా వైద్యం చేసే చిన్న ఆసుపత్రి ఆమెది. చేతిలోని సంచి లోంచి ఒక ల్యాప్‌టాప్ తీసి బల్ల మీద పెట్టారు. ఒళ్లో పెట్టుకుని పనిచేసుకునే కంప్యూటర్. ఆసుపత్రికి ఎవరో దాతలు ఇచ్చారట. అప్పటిదాకా నేను దాన్ని పత్రికలో బొమ్మగానే చూశాను.

"నర్సింలు గారూ, పొద్దుట్నుంచీ ఇది లేవడం లేదు. స్విచ్ వేస్తే లైటు ఒకసారి మినుక్కుమని ఆరిపోతోంది. సోమవారం పొద్దున్నే తాండూరు నాపరాతి గనుల వైపు మందులు తీసుకుపోవాలి. ఎవరికి ఏ మందు ఎంత ఇవ్వాలో అంతా దీంట్లోనే ఉంది."

కాగితాలు లేవా అని అడిగాను. కంప్యూటర్‌లోకి ఎక్కించాక వాటిని పట్నం ఆఫీసుకు పంపేశారట. ట్రంక్ కాల్ చేస్తే, మూటలు విప్పి వెతకడానికి వారం పడుతుందన్నారట. వివరాలున్న ఫ్లాపీ, అంటే సమాచారం దాచుకునే పలుచని బిళ్ల, చిన్న సైజుది. మా ఊళ్లో ఉన్న ఒకటి రెండు కంప్యూటర్లు పెద్ద ఫ్లాపీలనే తీసుకుంటాయి. ఇక క్షయ మందు వారం రోజులు ఆగితే ఏమవుతుందో డాక్టరమ్మ ఒక్క మాటలో చెప్పారు. "జబ్బు మొండికేస్తుంది. తర్వాత అదే మందు పనిచేయదు."

ఆమె వెనకాలే ఒక యాభై ఏళ్ల మనిషి గొడుగు మడుస్తూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. పేరు రహమత్ బీ. గనుల దగ్గర గుడిసె గుడిసెకూ తిరిగి మందులు మింగించేది ఆమే. అందరూ ఆపా, అంటే అక్కా, అని పిలుస్తారు. నేను సలాం చెప్పి పనిలో పడ్డాను. ఆమెను ఒక్క మాటైనా అడగలేదు. అదే నేను చేసిన పొరపాటు.

మల్టీమీటర్‌తో, అంటే కరెంటు కొలిచే పరికరంతో, అడాప్టర్‌ను చూశాను. పన్నెండు వోల్టులు సరిగ్గా ఇస్తోంది. ల్యాప్‌టాప్‌కు తగిలించగానే మూడుకు పడిపోతోంది. అడాప్టర్‌లో బలం లేదనుకున్నాను. జీపు బ్యాటరీ కూడా పన్నెండు వోల్టులే గదా అని, మధ్యలో ఫ్యూజు పెట్టి దాన్నుంచి తీగలు లాగాను. ఫ్యూజు టప్పున పోయింది. ఇంకోటి పెడితే అదీ పోయింది. అంటే లోపలెక్కడో షార్ట్ అయింది. కరెంటు దారి తప్పి అడ్డంగా పోతోంది. అసలు బోర్డే కాలిపోయి ఉంటే నా చేతిలో ఏమీ లేదు.

"నాతోని అయ్యేటట్టు లేదమ్మా" అన్నాను. అంత కష్టంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు. డాక్టరమ్మ బెంచీ మీద కూలబడ్డారు.

అప్పుడు రహమత్ బీ అంది, "గంత ఫికర్ ఎందుకు డాక్టరమ్మా? కాయితం తియ్యి. నేను చెప్త, నువ్వు రాయి."

"ఆపా, నలభై మందికి పైగా ఉన్నారు!"

"ఉంటే ఏమాయె? నేను పొయ్యే తొవ్వల్నే ఉన్నరు గద."

నేనిచ్చిన నోటుబుక్కులో డాక్టరమ్మ రాయడం మొదలుపెట్టారు. రహమత్ బీ పేర్లు వరుసగా అప్పజెప్పలేదు. మాటలతోనే మమ్మల్ని వెంటబెట్టుకుని గనుల్లోకి నడిచింది. "రైలు పట్టాలు దాటినంక మొదటి గుడిసె మొగులయ్యది. నాలుగో నెల నడుస్తుంది. మొన్న తూకం నలభై రెండు. ఆయన పక్కపొంటి కన్నడపామె, మల్లవ్వ. మందు మింగితే కక్కుతది, బువ్వ తిన్నంకనే ఇయ్యాలె." ఎక్కడా తడుముకోలేదు. ఒకచోట మాత్రం ఆగి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, "లేదు, ఆయన ఆడికి మారిండు, బండల మిషిని కాడికి" అని దిద్దింది. పూర్తయ్యేసరికి నలభై రెండు పేర్లు. నేను స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాను.

సిగ్గేసింది. వచ్చినప్పుడే అడగాల్సింది అప్పుడు అడిగాను. "ఆపా, గిది ఖరాబు గాకముందు ఎట్లుండె?"

"మొదట్ల తీగె లేకున్నా రెండు గంటలు నడుస్తుండె. నెలసంది తీగె పెడితెనే. వారం నుంచి కుడిపక్క కింద మస్తు కాలుతున్నది."

"నాకెప్పుడూ తెలియలేదే!" అన్నారు డాక్టరమ్మ.

"నువ్వు బల్ల మీద పెట్టి చేస్తవమ్మా. సంకల పెట్టుకొని మోసేది నేను గద."

కుడిపక్క అడుగున ఉండేది బ్యాటరీ. మూత తీసి చూస్తే ఉబ్బిపోయి, అంచున తెల్లటి పొడి పట్టి ఉంది. లోపలి ఒక సెల్లు షార్ట్ అయి, వచ్చిన కరెంటునంతా అదే తాగేస్తోంది. బోర్డు మంచిదే, అడాప్టరూ మంచిదే. బ్యాటరీని ఊడదీసి పక్కన పెట్టి, అడాప్టర్ తగిలించి స్విచ్ వేశాను. బీప్ అంది. తెర మీద అక్షరాలు వచ్చాయి. డాక్టరమ్మ ముఖం చూడాలి అప్పుడు!

ఆమె ఫ్లాపీ పెట్టి, తెర మీది పేర్లను నోటుబుక్కుతో పోల్చుకుంటూ పోయారు. మందు, బరువు, నెల అన్నీ కలుస్తున్నాయి. చివరికి ఆగిపోయారు. కంప్యూటర్‌లో నలభై ఒక్కటే ఉన్నాయి.

"ఆపా, సాయన్న భార్య బాలమ్మను రెండుసార్లు చెప్పినట్టున్నావు. ఒకే పేరు, ఒకే భర్త, ఒకే చోటు. పోయిన వారం ఎక్కించేటప్పుడు కూడా ఇలాగే రెండుసార్లు వస్తే, నెల తేడా ఉన్నా పొరపాటని నేనే ఒకటి తీసేశాను."

రహమత్ బీ లేచి నిలబడింది. "అయ్యో, తీసేసినవా? ఇద్దరమ్మా! ఇద్దరు సాయన్నలు, ఇద్దరు బాలమ్మలు. పెద్దామె బండలు మోస్తది. చిన్నామె పోయిన వారమే మందు సురువు చేసింది, చంటిపిల్ల తల్లి."

సోమవారం నేనూ జీపులో వెళ్లాను. యంత్రం మళ్లీ మొరాయిస్తే చూడాలని చెప్పాను గానీ, నిజానికి ఆ ఇద్దర్నీ చూడాలని. బండల గుట్టల మధ్య నిలబడి రహమత్ బీ "బాలమ్మా!" అని కేక వేసింది. ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె నెత్తిన బట్టచుట్ట, ఇంకొకామె చంకలో పిల్ల. డాక్టరమ్మ ఇద్దరికీ తన చేత్తోనే మందు ఇచ్చారు. తర్వాత జీపు బానెట్ మీద నోటుబుక్కు పెట్టి, రెండో పేరు కింద గీత గీశారు.

"తప్పు నాది ఆపా. ఇకనుంచి నీకు చదివి వినిపించాకే ఏ పేరైనా తీసేస్తాను."

"గట్లనే గానీ, ముందు చిన్నామె తూకం చూడమ్మా" అంది రహమత్ బీ, సంచి భుజానికి వేసుకుంటూ.

ఆ ఏడాది చివరికి ఇద్దరు బాలమ్మలూ మందు పూర్తి చేశారు. నా మట్టుకు నేను నేర్చుకున్నది ఒకటుంది. ఏ యంత్రం ముందు కూర్చున్నా, మూత విప్పకముందే, దీన్ని రోజూ ఎత్తి దించేదెవరని అడుగుతాను. వాళ్లను పిలిపించి, చాయ్ తాగించి, చెప్పినంతసేపూ వింటాను.