ఒక స్టాపు ముందు

ఆనందరావు ఆర్టీసీ డిపోలో మెకానిక్. హైదరాబాదులో బస్సు ఆగే చోట్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. కానీ పిల్లలతో బయల్దేరితే మాత్రం దిగాల్సిన చోట ఒక్కనాడూ దిగలేదు. ఒకటో రెండో స్టాపుల ముందే లేచి నిలబడి, "నడువుండ్రి, దిగుదాం" అనేవాడు.

ఏటా క్రిస్మస్ సెలవుల్లో ఒకరోజు తాముండే జహనుమా నుంచి ఈ యాత్ర. జూపార్కు కానీ, మ్యూజియం కానీ, చివరి కిలోమీటరు నడకే. కారణాలకు కొదవ లేదు. ఇక్కడ జామకాయలు తియ్యగుంటాయని ఒకసారి, గాలి బాగుంటుందని ఇంకోసారి. ఓ ఏడాది సమాధుల గోడ పక్కన దింపి, ఇక్కడ లొల్లి ఉండదన్నాడు. అది మాత్రం నిజమే.

కూతురు రూప నవ్వుతూ నడిచేది. కొడుకు డానియేలుకు ఒళ్లు మండేది. ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొని చదివీ చదివీ, మనుషుల్ని చదవడం కూడా వచ్చేసిందనుకునేవాడు. బస్సెక్కితే అతనికి కడుపులో తిప్పేది. అదంతా తండ్రి వాగుడు వల్లేనని తేల్చుకున్నాడు. పోయినేడు స్నేహితుల ముందే, "మా బాపుకు దిగుడు గూడ రాదు" అని ఎగతాళి చేశాడు. ఆనందరావు కూడా వాళ్లతో కలిసి నవ్వాడు. ఆ ఏడు డానియేలు యాత్రకు వెళ్లలేదు.

ఈ ఏడు డానియేలుకు డిగ్రీ అయిపోతోంది. మళ్లీ సెలవులకు ఎవరెక్కడుంటామోనని రూప బతిమాలితే డానియేలు షరతు పెట్టాడు.

"గోల్కొండ కాడ్నే దిగాలె. ముందు దిగితే అటే ఇంటికి పోత."

"సరే బిడ్డా," అన్నాడు ఆనందరావు.

బస్సులో అలవాటుగా లేచాడు. షరతు గుర్తొచ్చి కూర్చున్నాడు. మళ్లీ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు.

"ఏందన్నా, సీట్ల ముల్లు గిట్ల ఉన్నదా?" అంది కండక్టరమ్మ.

డానియేలు నవ్వబోయాడు. నోరు తెరిస్తే నవ్వుకు బదులు పొద్దుటి ఉప్మా వచ్చేలా ఉంది. ఆనందరావు కిటికీలోంచి బయటికి చూస్తూనే, జేబులోంచి నిమ్మకాయ తీసి గోటితో గిల్లి కొడుకు చేతిలో పెట్టాడు.

రూప మెల్లగా చెప్పింది. "పోయినేడు నువ్వు రాలేగదా అన్నా. సీదా జూపార్కు గేటు కాడ్నే దిగినం. బాపు జామకాయల ముచ్చటే తియ్యలే."

డానియేలు నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇన్నేళ్లూ తన ముఖం ఒక్కటే చదువుకుంటూ వచ్చిన మనిషి పక్కనే కూర్చున్నాడు. స్నేహితుల ముందు ఆయన నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

గోల్కొండకు ఇంకా ఒక స్టాపు ఉంది. డానియేలు లేచి నిలబడ్డాడు.

"బాపు, దిగుదాం. ఇక్కడ జామకాయలు మంచిగుంటయ్."

ఆనందరావు బయటికి చూశాడు. పాత టైర్ల దుకాణం తప్ప మరేమీ లేదు.

"మస్తుంటయ్ బిడ్డా," అన్నాడు, అప్పటికే మెట్ల దగ్గరికి చేరుకుని.