నేను పారేసిన మాత్రలు

మా తమ్ముడి చేత తాగుడు మాన్పించింది నేనేనని బంధువులంతా అంటారు. పెళ్ళిళ్ళలో నలుగురి ముందు మెచ్చుకుంటే నవ్వి ఊరుకున్నాను. అది నిజం కాదు.

చిక్కపేటలో మాది చీరల దుకాణం. మూడేళ్ళ కిందట వాణ్ణి ఆసుపత్రిలో ఉంచి తాగుడు మాన్పించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ దిగులు జబ్బుకు కూడా మాత్రలు రాసి, "ఇవి రెండు జబ్బులు. ఒకటి తగ్గిందని రెండోదాని మందు ఆపొద్దు" అంది. నేనే తలూపాను.

ఆ కార్తీకంలో ఇద్దరం అయ్యప్ప మాల వేసుకున్నాం. మాలలో మత్తు ముట్టరాదు. నా దృష్టిలో ఆ మాత్రలూ మత్తే. "స్వామి చూసుకుంటాడులే" అని లాక్కుని చెత్తబుట్టలో పారేశాను.

వాడు చుక్క ముట్టలేదు. నేను మీసం మెలేశాను. మూడో వారానికి చీర మడత విప్పడం కూడా వాడికి చేతకాలేదు. బద్ధకమని తిట్టాను. ఒక ఉదయం చన్నీళ్ళ స్నానం చేసొచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"స్వామీ, నాకు తాగల్లని లేదు. బతకల్లనీ లేదు."

మాలలో అన్నదమ్ములైనా స్వామీ అనే పిలుచుకోవాలి. నాకు మాత్రం "లెయ్‌రా, పోదాం" అనే వచ్చింది.

"మాత్రలు ఎందుకు ఆపారు?" అని అడిగింది డాక్టరమ్మ. "మర్చిపోయినా మేడం" అన్నాడు వాడు. నేను నోరు విప్పలేదు.

ఆ సాయంత్రం భజనలో, ఆమె మళ్ళీ రాసిచ్చిన మాత్ర వాడు అందరి ముందూ తీశాడు.

"ఏం స్వామీ, మాలలో మాత్రలా?" అని ఒకాయన ఎకసెక్కెమాడాడు.

"దిగులు జబ్బు ఉండాది స్వామీ నాకు. తాగుడుదీ ఉండాది. రెండిటికీ తింటాండా."

నలుగురి ముందు అంత మాట అనే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. గురుస్వామి పెద్దగా నవ్వాడు. "నా షుగర్ మాత్ర మానేస్తే కొండకు నన్ను మీరే మోయల్ల. మింగు స్వామీ!"

మందు పనిచేయడానికి వారాలు పట్టింది. అన్నాళ్ళూ వాణ్ణి ఒంటరిగా వదల్లేదు. తర్వాత వేసవిలో ఒకసారి తాగాడు. మర్నాడు ఎవరూ చెప్పకుండా తానే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడు గిరాకీలతో వాడు బేరమాడే గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. వాడు నా తమ్ముడని చెప్పుకోవడం నాకు గొప్పగా ఉంటుంది.

ఇదంతా రాయమంటావా అని వాణ్ణే అడిగాను.

"రాయి అన్నా. ఇంకో ఇంట్లో ఎవురూ పారేయకుండా ఉంటారు."